నవ్వించే పిల్లల గురించి ఒక మాట

పాఠశాల వార్తాలేఖ, కావలి, ఆగస్టు 2024

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 12న మా ఇంగ్లీషు టీచరు ఎనిమిదో తరగతి పిల్లలకు 'జుమాంజీ' సినిమాలో కొంత భాగం చూపించారు. అందులో ప్రధాన పాత్ర వేసిన అమెరికా హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ కన్నుమూసి ముందురోజుకు సరిగ్గా పదేళ్ళు నిండాయి. పిల్లలు బెంచీలు చరుస్తూ నవ్వుతుండగా ఒక అమ్మాయి లేచి, "ఈయన ఇప్పుడు ఏ సినిమా చేస్తున్నారు సార్?" అని అడిగింది. అక్కడే ఉన్న నేను చనిపోయారమ్మా అన్నాను. ఎలా అంది. ఒంట్లో బాగాలేక అని చెప్పి కూర్చోబెట్టాను. ఇంటికి వెళ్ళి ఫోనులో వెతికిన పిల్లలకు ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారని తెలిసింది. మర్నాడు మీలో కొందరు ఫోన్ చేసి, ఇలాంటివారి సినిమాలు పిల్లలకెందుకు చూపిస్తున్నారని అడిగారు. దానికి వివరంగా సమాధానం చెప్పవలసిన బాధ్యత నాకుంది గనుక, పరీక్షల తేదీలను, ఫీజుల సంగతిని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను.

ఆయన మనకు మరీ పరాయివాడేమీ కాదు. కమల్‌హాసన్ ఆడవేషం వేసిన 'భామనే సత్యభామనే' చూసి మీరంతా నవ్వుకునే ఉంటారు. ఆ కథకు మూలం 1993లో విలియమ్స్ నటించిన 'మిసెస్ డౌట్‌ఫైర్'. 'అలాద్దీన్' బొమ్మల సినిమాలో దీపంలోంచి వచ్చే భూతానికి గొంతు ఇచ్చిందీ ఆయనే. మన నెల్లూరు జిల్లాలో పుట్టిన రమణారెడ్డి గారు 'మాయాబజార్'లో చిన్నమయగా తెరమీదికి వస్తే చాలు, ఇంకా ఒక్క మాటైనా అనకముందే మా నాన్నగారు నవ్వు మొదలుపెట్టేవారు. విలియమ్స్‌ది కూడా అలాంటి ముఖమే. అందుకే 2014 ఆగస్టులో ఆ వార్త వచ్చినప్పుడు, ఏ పరిచయమూ లేని నాకు కూడా సొంత మేనమామ పోయినట్టే అనిపించింది.

అప్పట్లో అందరూ అన్నది, నేనూ అన్నది ఒకటే: నవ్వు వెనక ఏడుపు దాచుకున్నాడని. అందులో కొంత నిజముంది. ఆయన డిప్రెషన్‌తో బాధపడ్డారు, తాగుడు నుంచి బయటపడటానికి చికిత్స కూడా తీసుకున్నారు. అయితే చనిపోయాక జరిపిన పరీక్షల్లో మెదడును తినేసే లూయీ బాడీ డిమెన్షియా అనే జబ్బు బయటపడింది. బతికుండగా వైద్యులు గుర్తించింది ఒళ్ళు వణికించే పార్కిన్సన్స్ వ్యాధిని మాత్రమే, అదీ చనిపోయిన ఏడాది మే నెలలో. భయం, అనుమానం, నిద్రలేమి, కుంగుబాటు ఇవన్నీ ఆ లూయీ బాడీ జబ్బు లక్షణాలేనని ఆయన భార్య తరువాత ఒక వైద్య పత్రికలో రాశారు. కాబట్టి పాపకు నేను చెప్పిన సమాధానం అబద్ధం కాదు, సగం నిజం. మర్నాడు మళ్ళీ తరగతికి వెళ్ళి, మనసుకు కూడా జబ్బు చేస్తుందని, దానికీ మందు ఉంటుందని మిగతా సగం చెప్పాను.

ఇదంతా నేనింత పట్టింపుగా రాయడానికి కారణం చాలా ఏళ్ళ కిందట మా బడిలో చదివిన ఒక పిల్లవాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న అతని అనుమతితోనే రాస్తున్నాను. తొమ్మిదో తరగతిలో మా అందరి గొంతులూ అనుకరించేవాడు. ప్రేయర్‌కు ముందు నేను దగ్గే దగ్గును నాకంటే బాగా దగ్గేవాడు. ఆ ఏడాది దసరా సెలవుల తరువాత వాడి హాస్యం మరీ ఎక్కువైంది, మార్కులు పడిపోయాయి. నేను వాడిని స్టాఫ్‌రూమ్‌కు పిలిపించి, "ఏదీ, ఒకటి చెయ్ రా, నవ్వుకుందాం" అన్నాను. చేశాడు. నవ్వుకున్నాం. అదే వారం మా ఆయమ్మ వచ్చి, ఆ అబ్బాయి రోజూ మధ్యాహ్నం క్యారియర్‌లోని అన్నాన్ని గోడ పక్కన కుక్కలకు పెట్టి, ఖాళీ డబ్బా కడుక్కుని పోతున్నాడని చెప్పింది. వాళ్ళమ్మను పిలిపిస్తే, పొద్దున్నే కడుపునొప్పి అంటాడని, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడని, "బడికెళ్తే బాగానే ఉంటాడు గదా సార్" అని అన్నారు. బడిలో మేము అనుకున్నదీ అదే, ఇంట్లో బాగానే ఉంటాడు గదా అని. మానసిక వైద్యుడు ఏడెనిమిది నెలలు చూశాక తేరుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పిన నాకు కనబడనిది గిన్నెలు కడిగే మనిషికి కనబడింది.

పెద్దల్లో కుంగుబాటు దిగులుగా కనబడితే, పిల్లల్లో చాలాసార్లు చిరాకుగా, కోపంగా, తలనొప్పిగా, కడుపునొప్పిగా కనబడుతుంది. నిద్ర, తిండి, ఆటల మీద ఇష్టం మారిపోయి రెండు వారాలు దాటితే వైద్యుడికి చూపించాలి. కిందటి నెల, కోరికలు తీరాలని రొట్టెలు అందుకునే రొట్టెల పండుగకు మీలో చాలామంది నెల్లూరు వెళ్ళి, స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె అందుకున్నారని నాకు తెలుసు, మా ఇంట్లోవాళ్ళూ అందుకున్నారు. పక్కనే ఆరోగ్య రొట్టె కూడా పంచుతారు. ఆరోగ్యమంటే మనకు జ్వరం, షుగరు మాత్రమే గుర్తొస్తాయి.

పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారని నలుగురూ అంటారేమోనన్న మీ జంకు నాకు అర్థమవుతుంది. అలాంటివారు ముందు ఇంట్లోంచే ఫోన్ చేయవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు రాత్రీపగలూ ఎప్పుడు చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఎవరైనా ప్రాణం తీసుకోవాలని ప్రయత్నిస్తే పోలీసు కేసవుతుందన్న భయంతో విషయం దాచిపెట్టేవారు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడమంటుంది, శిక్షించమనదు. పిల్లవాడు చావు మాట ఎత్తితే, తమాషాకు అన్నా సరే, కసరకండి, పక్కన కూర్చుని ఏమైందని అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

ఈ నెల 31న, శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు జరిగే సమావేశంలో మార్కుల జాబితాలు ఇవ్వము. క్లాసు టీచర్లతో పాటు ఆయమ్మ కూడా కూర్చుంటుంది. మీ పిల్లలు క్యారియర్‌లో ఏం మిగుల్చుతున్నారో ముందు ఆమెను అడగండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు