లింకు నొక్కకున్నా ముప్పే

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రికలో సైబర్ మోసాల గురించి వచ్చే సూచనలను మా పర్లాకిమిడి తెలుగువాళ్లం శ్రద్ధగానే చదువుతున్నాం. తెలియని లింకు నొక్కవద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు అన్న రెండు మాటలూ మాకు కంఠతా వచ్చు. ఆ రెండూ పాటించినా, వచ్చిన ఉత్తరం తెరిచినంత మాత్రానే ఒక మనిషి మెయిలు పరాయిచేతుల్లోకి పోవడం దగ్గరుండి చూశాను కనుక, వాటికి చేరవలసిన మూడో మాట గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేనిక్కడ వ్యాపారులకు జీఎస్టీ లెక్కలు రాస్తుంటాను. వారిలో ఒక రైసుమిల్లు యజమాని, హోస్టింగ్ సంస్థ డొమైన్‌తో పాటు ఇచ్చిన వెబ్‌మెయిలు, అంటే బ్రౌజరులో తెరిచి చదువుకునే మెయిలు, వాడేవారు. కొటేషన్ అడుగుతున్నట్టు వచ్చిన ఒక మెయిలును ఆయన తెరిచి, తమ సరుకు కాదని మూసేశారు. లింకు నొక్కలేదు, అటాచ్‌మెంటు దింపుకోలేదు. మూడు వారాలకు పాతపట్నంలోని ఖాతాదారుకు ఆయన బిల్లే, బ్యాంకు ఖాతా నంబరు ఒక్కటే మారి, అందింది. డబ్బు పంపేముందు ఆ వర్తకుడు ఫోను చేయబట్టి సరిపోయింది. పాస్‌వర్డు రెండుసార్లు మార్చినా ఉత్తరాలు బయటికి పోతూనే ఉన్నాయి. చివరకు సెట్టింగుల్లోని ఫిల్టర్ల పేజీలో, వచ్చిన ప్రతి మెయిలునూ ముక్కూమొహం తెలియని చిరునామాకు ఫార్వర్డు చేసే నియమం కనబడింది. ఆ కొటేషన్ మెయిలు సోర్సు, అంటే తెర వెనకున్న రాత, తీసి చూస్తే, బొమ్మ కోసం రాసిన ట్యాగులో స్క్రిప్టు, అంటే బ్రౌజరు తనంత తాను నడిపే కోడ్, దాగి ఉంది.

మెయిలు ఈ రోజుల్లో వట్టి అక్షరాలు కాదు, హెచ్‌టీఎంఎల్ అనే భాషలో రాసిన చిన్న వెబ్‌పేజీ. ఎవరో పంపిన ఆ పేజీని వెబ్‌మెయిలు తన పేజీలోనే చూపించాలి కాబట్టి, అందులో నడిచే కోడ్ ఏమున్నా ముందే ఏరి పారేయాలి. ఆ వడపోతలో ఒక్క ముక్క జారినా, బ్రౌజరు దాన్ని వెబ్‌మెయిలు సొంత కోడ్ అనుకుని నడిపేస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగను ఇంటివాడని నమ్మేది మన బ్రౌజరే. మనం అప్పటికే లాగినై ఉంటాం గనుక రెండంచెల ధ్రువీకరణా అడ్డు రాదు. పైగా ఆ మెయిలు సర్వరులో నిలవ ఉంటుంది, కాబట్టి తెరిచినప్పుడల్లా స్క్రిప్టు మళ్లీ నడుస్తుంది.

ఇదేమీ నిన్నమొన్నటి జబ్బు కాదు. 2006 జూన్‌లో యాహూ మెయిల్‌లో యామానర్ అనే పురుగు, ఉత్తరం తెరిస్తే చాలు, చిరునామాల పుస్తకంలోని వారికి తనను తాను పంపుకుంది. చవక హోస్టింగ్ ప్యాకేజీల్లో తరచు కనిపించే రౌండ్‌క్యూబ్ అనే వెబ్‌మెయిలు సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి లోపాన్ని వాడుకుని వింటర్ వివర్న్ అనే ముఠా యూరప్ ప్రభుత్వ సంస్థల మెయిళ్ల మీద పడినట్టు ఈసెట్ అనే సైబర్ భద్రతా సంస్థ 2023 అక్టోబర్‌లో బయటపెట్టింది. ఎస్‌వీజీ బొమ్మ ట్యాగులో దాచిన స్క్రిప్టు అది. తయారీదారులు కొద్దిరోజుల్లోనే దిద్ది 1.6.4 వెర్షన్ విడుదల చేశారు. 2024 ఆగస్టులో మళ్లీ అదే తరహా లోపాలు బయటపడి 1.6.8 రావలసి వచ్చింది.

అంటే మందు తయారుచేసేవారు త్వరగానే తయారుచేస్తున్నారు, రోగికి వేయవలసినవారి దగ్గరే ఆలస్యం. మా మిల్లు వాడే వెబ్‌మెయిలులో కనిపించిన వెర్షన్ రెండేళ్ల కిందటిది. హోస్టింగ్ సంస్థను నిలదీస్తే, కుకీలను, అంటే మనం లాగినైనట్టు బ్రౌజరు దాచుకునే గుర్తులను, స్క్రిప్టు చదవకుండా రక్షణ పెట్టామని జవాబిచ్చారు. ఆ రక్షణ మంచిదే, కానీ లోపలికొచ్చిన స్క్రిప్టుకు కుకీ చదవవలసిన పనే లేదు. మన పేరుతో ఫిల్టరు పెట్టమని సర్వరును అడిగితే, బ్రౌజరే కుకీ జతచేసి పంపుతుంది. పేజీలో ఏ స్క్రిప్టు నడవవచ్చో ముందే నిర్దేశించే కంటెంట్ సెక్యూరిటీ పాలసీ గురించి అడిగితే నేటివరకు ఉలుకూ పలుకూ లేదు.

సంవత్సరానికి ఇంతని డబ్బు తీసుకునే ఈ సంస్థలు, తాము నడుపుతున్న వెబ్‌మెయిలు వెర్షన్ ఏదో, దిద్దుబాటు ఎన్ని రోజుల్లో వేస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. తప్పు వారి సర్వరులో పెట్టుకుని జాగ్రత్తలన్నీ వాడేవారి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. మీ సైబర్ సూచనల్లోనూ లింకుల మాటతో పాటు, ఫిల్టర్లను, ఫార్వర్డింగ్‌ను అప్పుడప్పుడు చూసుకోమనీ, హెచ్‌టీఎంఎల్ ఆపి వట్టి అక్షరాలుగా చదువుకోమనీ, అనుమానం వస్తే పాస్‌వర్డుతో పాటు అన్ని సెషన్లనూ, అంటే తెరిచి ఉన్న లాగిన్లన్నిటినీ, రద్దు చేయమనీ చేర్చవలసిందిగా కోరుతున్నాను. మా మిల్లు యజమాని ఇప్పుడు వట్టి అక్షరాలుగానే చదువుకుంటున్నారు. బిల్లుల మీద కంపెనీల గుర్తులు కనబడడం లేదని కాస్త విసుక్కుంటున్నారు, అంతే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా