చదువులో వెనకబడిన పిల్లలకు ఆటాపాటా తీసేయకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

2025-26 విద్యా సంవత్సరం నుంచి ప్రతి శనివారం పిల్లలు పుస్తకాల సంచి లేకుండా బడికి రావచ్చని మీరు ప్రకటించినప్పుడు, ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ మన్యం గూడేల్లోనూ ప్రాథమికోపాధ్యాయుడిగా పనిచేసి విరమించిన నాలాంటివాళ్లు మనస్ఫూర్తిగా సంతోషించారు. 3, 4, 5 తరగతుల పిల్లలను హైస్కూళ్లకు పంపిన 117 జీవోను పక్కనపెట్టి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను అదే ఏడాది ఏర్పాటు చేయడం కూడా చిన్నపిల్లల చదువుకు మేలు చేసే నిర్ణయమే. అయితే ఈ మేలు ఎవరికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో ఆ పిల్లలకే అందకుండా చేస్తున్న అలవాటు ఒకటి మన ప్రాథమిక పాఠశాలల్లో చాలాకాలంగా ఉంది. దాన్ని మీ దృష్టికి తీసుకురావడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మూడో తరగతికి వచ్చినా గుణింతాల దగ్గరో, ఒత్తుల దగ్గరో ఆగిపోయిన పిల్లలకు, తీసివేతలో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాని పిల్లలకు అదనపు బోధన కావాలి. అందులో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. కానీ ఆ బోధనకు టైంటేబుల్లో ప్రత్యేకంగా చోటు లేదు. సిలబస్ పూర్తి కావాలి కాబట్టి తెలుగు, గణితం పీరియడ్లను ఎవరూ ముట్టుకోరు. మిగిలేవి ఆటల పీరియడ్, బొమ్మలు గీసుకునే పీరియడ్, కథల పుస్తకాల పీరియడ్, ఇప్పుడు కొత్తగా వచ్చిన శనివారం. చదువులో ముందున్న ఎ గ్రూపు పిల్లలు ఆవరణలో పాట నేర్చుకుంటూ ఉంటే, వెనకబడిన సి గ్రూపు పిల్లలు వరండాలో కూర్చుని అక్షరాలు దిద్దుతూ ఉంటారు. పాట వాళ్లకు వినిపిస్తూనే ఉంటుంది. అలా కూర్చోబెట్టే ఉపాధ్యాయుల్లో చాలామంది పిల్లల మీద ప్రేమతోనే, ఎలాగైనా చదువు రావాలన్న తపనతోనే ఆ పని చేస్తారు. పరీక్ష దగ్గర పడుతున్న కొద్దీ తనిఖీ అధికారులు అడిగేది కూడా చదవడం, రాయడం గురించే కదా. అందుకే ఇది ఒక్కొక్క ఉపాధ్యాయుడి మంచితనానికి వదిలిపెట్టే విషయం కాదని, ప్రభుత్వ ఉత్తర్వుతోనే సరిదిద్దాలని కోరుతున్నాను.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. విద్యాహక్కు చట్టం-2009లోని 24వ సెక్షన్ ప్రతి పిల్లవాడి అభ్యసన స్థాయిని గమనించి అవసరమైతే అదనంగా బోధించడాన్ని ఉపాధ్యాయుడి విధిగా చెప్పింది. అదే చట్టంలోని 29వ సెక్షన్ పిల్లల సర్వతోముఖ వికాసాన్నీ, కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవడాన్నీ, భయం లేని వాతావరణాన్నీ పాఠ్యప్రణాళికకు ప్రాతిపదికలుగా పెట్టింది. మొదటిది ఇవ్వడానికి రెండోది తీసుకోవచ్చని ఆ చట్టంలో ఎక్కడా లేదు. జాతీయ విద్యావిధానం-2020 పాఠ్యాంశాలు, సహపాఠ్యాంశాలు, పాఠ్యేతర అంశాలు అంటూ గట్టి గోడలు కట్టవద్దని చెప్పింది. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళావిద్యనూ వ్యాయామ విద్యనూ భాషా గణితాల సరసన పాఠ్యాంశాలుగానే నిలిపింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం అంతకు ముందే కళలు, సాంస్కృతిక విద్య, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్య, విలువల విద్యలను బోధనలో భాగం చేసి, వాటికీ గ్రేడ్లు ఇవ్వమంది. గ్రేడ్లు ఈనాటికీ రికార్డుల్లో పడుతున్నాయి. ఆ పీరియడ్లు జరగని బళ్లలో కూడా పడుతున్నాయి.

అసలు వెనకబడిన పిల్లలకే ఆటాపాటా ఎందుకు ఎక్కువ కావాలో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ప్రథమ్ సంస్థ జరిపిన 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతం. పెరుగుదల సంతోషించవలసినదే గానీ, మిగిలిన ముప్పాతిక మందికి పైగా పిల్లలు ఏమీ తెలియనివాళ్లని దాని అర్థం కాదు. వామనగుంటలు ఆడే పిల్లను గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. పద్నాలుగు గుంటల్లో చింతగింజలు పంచుకుంటూ పోతూ, తన చేతిలోని గింజలు ఏ గుంట దగ్గర అయిపోతాయో, ఆ తరువాతి గుంట ఖాళీగా ఉందో లేదో, ఎదుటివాళ్లకు ఎన్ని దక్కుతాయో ముందుగానే మనసులో లెక్కవేసి ఎత్తు వేస్తుంది. ఆ పిల్లే నోటుబుక్కులో కూడిక ముందు బెదిరిపోతుంది. లెక్క ఆమెకు వచ్చు, కాగితం మీది లెక్కే ఇంకా పరిచయం కాలేదు. చింతగింజల నుంచి అంకెల దాకా ఆమెను నడిపించడమే ఉపాధ్యాయుడు ఇవ్వగల అసలైన సహాయం. ఆట తీసేసి, రానిదాన్నే మళ్లీ మళ్లీ ముందు పెడితే తనకు చదువు రాదన్న నమ్మకం ఒక్కటే ఆమెలో గట్టిపడుతుంది.

చదవడం విషయంలోనూ ఇంతే. మన లిపిలో ఒత్తులూ గుణింతాలూ కూడబలుక్కుని చదవడం వచ్చాక కూడా, చదివిన మాట అంతకుముందు చెవిన పడి ఉండకపోతే దాని అర్థం మనసుకు ఎక్కదు. ఇంట్లో పుస్తకాలు లేని, కథలు చెప్పే తీరిక పెద్దలకు లేని పిల్లలకు కొత్త మాటలు వినబడే చోటు బడిలోని కథ, పాట, పద్యం, పొడుపుకథ, చిన్న నాటిక. 2020లో మొదలైన ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం ఈ అవసరాన్ని గుర్తించింది. ఆ పుస్తకాలు బీరువాలోంచి బయటికి వచ్చే రోజున సి గ్రూపు పిల్లవాడు వరండాలో అక్షరాలు దిద్దుతూ ఉంటే, అతనికి బడి చేసిన సహాయం ఏమిటి? మన రాష్ట్రంలోనూ అమలైన ‘స్థాయికి తగిన బోధన’ పద్ధతి కూడా తరగతిని పక్కనపెట్టి పిల్లల్ని స్థాయిని బట్టి కూర్చోబెట్టి, ఆటలు, కథలు, కబుర్లతోనే నేర్పమంటుంది. ఉపాధ్యాయులకు ఆ శిక్షణ ఇచ్చిన శాఖే పీరియడ్ల కేటాయింపులో దానికి చోటు చూపించకపోవడం విచారకరం.

గిరిజన గూడేల్లో ఈ నష్టం రెట్టింపవుతుంది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు బడిలో అడుగుపెట్టిన రోజున తెలుగూ ఇంగ్లిషూ రెండూ వాళ్లకు పరాయి భాషలే. ఉమ్మడి రాష్ట్రం 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషాధారిత బహుభాషా విద్యను ప్రారంభించింది ఇందుకే. అలాంటి తరగతిలో అదనపు బోధన అంటే తెలుగు అక్షరాలను ఇంకో గంట దిద్దించడం అనుకుంటే పిల్లలు నోరు విప్పరు. వాళ్ల పాట వాళ్ల భాషలో పాడించి, ఆ ఊరి అవ్వ చేత కథ చెప్పించి, అందులోని మాటలను తెలుగులోకి తెచ్చినప్పుడు విప్పుతారు.

ఇదంతా కొత్తగా కనిపెట్టవలసిన విషయమూ కాదు. బ్రిటన్ సహాయంతో 1980లలో మొదలై 1990లలో రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఆనాటి ఉపాధ్యాయుల నోట్లో ‘అప్పెప్’, చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల వ్యక్తిగత భేదాలకు తగినట్టు బోధించడం, పిల్లలు చేసినవాటిని గోడల మీద ప్రదర్శించడం వంటివాటిని బోధనా సూత్రాలుగా పెట్టింది. కృత్యాలు, అదనపు సహాయం అనేవి ఒకే పాఠంలో ఇమిడిపోతాయని అప్పుడే మాకు నేర్పారు. పథకం ముగిశాక, ఉపాధ్యాయులు కలిసి బోధన గురించి చర్చించుకునే ఉపాధ్యాయ కేంద్రాల సమావేశాలు క్రమంగా సమాచార సేకరణ సమావేశాలుగా మారిపోయాయి.

ఇక ఎవరు చేయాలన్న ప్రశ్న. కేంద్ర విద్యాశాఖ ఏటా బడుల నుంచి సేకరించే యూడైస్ వివరాల 2024-25 లెక్కల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువగా, 12 వేలకు పైగా, ఉన్నది మన రాష్ట్రంలోనే. ఆదర్శ పాఠశాలలో ఐదుగురు ఉపాధ్యాయులు పనిని పంచుకోగలరు. కొండ మీది చిన్న బడిలో ఒక్కరే ఐదు తరగతులకు పాఠం చెప్పి, మధ్యాహ్న భోజనం చూసి, వెనకబడినవాళ్లకు విడిగా బోధించి, శనివారం నాటకం కూడా ఆడించలేరు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు కళావిద్య, వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైం బోధకులను 6 నుంచి 8 తరగతులకు, అదీ పిల్లలు వందకు మించిన చోట మాత్రమే ఇచ్చింది. ఆడుతూ నేర్చుకోవలసిన వయసు పిల్లలకే ఆట నేర్పే మనిషిని ఇవ్వకపోవడం ఆ చట్టంలోని పెద్ద లోటు. చట్టం అడ్డు చెప్పడం లేదు కనుక, ఈ లోటును రాష్ట్రం తన నిర్ణయంతో పూరించవచ్చు.

అందుకు నా విన్నపం ఇది. దగ్గరదగ్గరి బళ్లను కలిపిన ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌కూ ఒక కళా బోధకుడినీ ఒక ఆటల బోధకుడినీ నియమించి, వంతులవారీగా ప్రాథమిక పాఠశాలలకు పంపండి. ఏకోపాధ్యాయ పాఠశాలల వంతు ముందు రావాలి. నియామకాలు పూర్తయ్యేలోగా స్థానిక కళాకారులకు గౌరవ వేతనమిచ్చి శనివారాలు బడికి రప్పించండి. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు, జముకుల కథ, అరకులో థింసా, ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఆ కళాకారుల పిల్లలు చదువుకునేదీ ఎక్కువగా మన ప్రభుత్వ బళ్లలోనే. తండ్రి బడికి వచ్చి అందరికీ బొమ్మ ఆడించడం నేర్పిన రోజున, వెనక బెంచీలో కూర్చునే ఆ పిల్లవాడి స్థానం తరగతిలో ఎలా మారుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక పాఠశాలకు ఆటవస్తువులకు ఏడాదికి 5 వేల రూపాయల దాకా, గ్రంథాలయానికి 5 వేల దాకా గ్రాంటు ఉంది. అది జూన్‌లోనే బడి ఖాతాలో పడాలి. ఏం కొనాలో తల్లిదండ్రుల కమిటీతో కలిసి ఆ బడే నిర్ణయించుకోవాలి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి కూడా మరువవద్దని ప్రార్థిస్తున్నాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. బద్ధకమని, మొండితనమని మనం పొరబడే ఇబ్బందుల్లో కొన్ని ఇవే. వీటిని ఒకటి, రెండు తరగతుల్లోనే గుర్తించడానికి శిక్షణ పొందిన మనిషి బడికి రావాలి. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మండల కేంద్రంలో ఈ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం దాకా రోజూ బిడ్డను ఎత్తుకుని రాలేని కూలితల్లులు ఎందరో ఉన్నారు. కనీసం శనివారాలైనా అక్కడ బోధించే రిసోర్స్ పర్సన్లు ఊరి బడికే వచ్చి, మిగతా పిల్లలతో కలిపి ఈ పిల్లల్ని ఆడించగలిగితే, ఆ బిడ్డకు స్నేహితులు కూడా దొరుకుతారు.

ఉత్తర్వు ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు కోరుతున్నాను. ఆటలు, కళలు, గ్రంథాలయం పీరియడ్లలోనూ శనివారంనాడూ ఏ పిల్లవాడినీ అదనపు బోధన పేరుతో విడిగా కూర్చోబెట్టరాదని అందులో స్పష్టంగా రాయించండి. అదనపు బోధనకు భాషా గణితాల సమయంలోనే రోజూ ఒక పీరియడ్ కేటాయించి, ఆ మేరకు సిలబస్ భారం తగ్గించమని రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థను ఆదేశించండి. సిలబస్ తగ్గకుండా పీరియడ్ పెడితే అది కాగితం మీదే ఉంటుంది. రెండోది, శనివారం కార్యక్రమాలకు ఫొటోలు అప్‌లోడ్ చేయమనే నిబంధన పెట్టకండి. ఫోను పట్టుకుని పిల్లల్ని వరుసలో నిలబెట్టే ఉపాధ్యాయుడు వాళ్లతో కలిసి ఆడలేడు. కార్యక్రమం జరిగిందో లేదో తెలుసుకోవాలంటే తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల్ని ఒక పాట పాడమని, ఈ వారం చదివిన కథ చెప్పమని అడిగితే చాలు. సి గ్రూపు పిల్లల్నే ముందు అడగమని చెప్పండి.

వచ్చే జూన్ 12న బళ్లు తెరిచేలోగా విడుదలయ్యే అకడమిక్ క్యాలెండర్‌లోనే ఈ మార్పులు చేర్చగలిగితే, ఇప్పుడు రెండో తరగతిలో ఉన్న పిల్లలు మూడో తరగతిని వరండాలో గడపవలసిన అవసరం ఉండదు. మీ స్పందన కోసం ఎదురుచూస్తూ ఉంటాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రాథమికోపాధ్యాయుడు