మీ లాన్‌లో తుంగ మేం తెచ్చిందే

అందరికీ నమస్కారమండీ.

మొన్న వేసవి చివర్లో మా నర్సరీ తరఫున విజయవాడలో పటమట, కానూరు, పోరంకి వైపు 12 ఇళ్లలో లాన్ మీద ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పోశాం. వానలు పడగానే ఆ ఇళ్లన్నిట్లో తుంగ, అంటే గడ్డిలా కనిపించే కలుపు, లేచింది. "పక్క ఖాళీ స్థలంలోంచి వచ్చుంటుందండీ" అని మొదట్లో ఇద్దరితో నేనే అన్నాను. తప్పు నాదే. మిగిలిన మట్టి కుప్ప మా నర్సరీ వెనక ఉంది, దాన్నిండా ఇప్పుడు తుంగే. ఎరువు జల్లెడ పట్టాం గానీ మట్టి పట్టలేదు.

రెండో తప్పు, మనుషుల్ని పంపి పీకించడం. తుంగకి నేలలో గడ్డలుంటాయి, ఒకదాన్నుంచి ఒకటి పూసల దండలా సాగుతాయి. పీకితే పైన ఆకు తెగొస్తుంది, కింద గడ్డ మళ్లీ మొలక వేస్తుంది. "మీవాళ్లు పీకెళ్లాక ఇంకా ఒత్తుగా వచ్చిందయ్యా" అన్నారు కానూరు పిన్నిగారు. నిజమే. (ఆయుర్వేదం కొట్లో ఈ గడ్డల్నే తుంగముస్తెలని డబ్బిచ్చి కొంటారు. మా దగ్గర కావలసినన్ని!)

ఇప్పుడు చెరకు, మొక్కజొన్న రైతులు తుంగకి వాడే హాలోసల్ఫ్యూరాన్ అనే కలుపు మందు కొడతాం. ఎకరానికి 36 గ్రాములే. మీ రెండు సెంట్ల లాన్‌కి గ్రాము కూడా పట్టదు, అందుకే బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న కాటా కొన్నాను. తుంగ పసుపెక్కి చావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, మర్నాడే ఫోన్ చెయ్యకండి. లోతు గడ్డలు మళ్లీ లేస్తాయి కాబట్టి రెండోసారీ కొట్టాలి. వచ్చే ఏడు అసలు రాదని మాత్రం హామీ ఇవ్వను.

ఎవరైనా చవగ్గా గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొడతామంటే ఒప్పుకోకండి, తుంగతోపాటు లానూ పోతుంది. 2,4-డి అనే ఇంకో మందు వయ్యారిభామ లాంటి వెడల్పాకు కలుపుకి పనిచేస్తుంది గానీ తుంగని వదిలించదు. పైగా ఆ మందు గాలికి కొట్టుకుపోయి పడితే పక్కింటి టమాటా మొక్కలు ముడుచుకుపోతాయి.

ఆ 12 ఇళ్లకీ రెండు పిచికారీలూ ఉచితం, పీకినందుకు తీసుకున్న కూలీ డబ్బులూ వెనక్కిస్తాం. ఇకమీదట మట్టి తెచ్చాక తడిపి మూడు వారాలు ఆగి, మొలకలు చూశాకే మీ ఇంటికి తెస్తాం. దానివల్ల రేటు కాస్త పెరుగుతుంది.

వాన తెరిపిచ్చిన రోజు వస్తాం, ముందురోజే ఫోన్ చేస్తాం. అంతకు రెండ్రోజుల ముందు, రెండ్రోజుల తర్వాత గడ్డి కోయించకండి. కుక్కపిల్ల ఉంటే మందు ఆరేదాకా లోపల కట్టెయ్యండి.