అలెగ్జాండర్ నగరాల్లో కాపురం ఉన్నదెవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. అలెగ్జాండర్ తూర్పు దేశాల్లో 70కి పైగా నగరాలు కట్టించి నాగరికత తెచ్చాడని మీ ఆదివారం అనుబంధంలో చదివాను. ఆ లెక్క పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్‌ది. ఇప్పటి చరిత్రకారులు అందులో చాలావాటిని ఒప్పుకోరు. నా బాధ అంకె గురించి కాదు. ఆ ఊళ్లలో ఉన్న మనుషుల ఊసే వ్యాసంలో లేదు. హైస్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్లూ నేనూ అలాగే చెప్పాను. అందుకే ఈ ఉత్తరం.

క్రీ.పూ. 329లో సిర్ దర్యా నది ఒడ్డున, ఇప్పటి తజికిస్తాన్‌లోని ఖుజంద్ దగ్గర, 'చిట్టచివరి అలెగ్జాండ్రియా' కట్టారు. గోడ 20 రోజుల్లో లేచిందని ప్రాచీన చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. అందులో ఉంచింది గ్రీకు కిరాయి సైనికులను, ఇక యుద్ధానికి పనికిరాని మాసిడోనియా (అలెగ్జాండర్ సొంత రాజ్యం) వాళ్లను, చుట్టుపక్కల జనాన్ని. నది అవతలి శకుల మీద కాపలాకు పెట్టిన ఊరది.

తూర్పున ఇలా వదిలేసిన గ్రీకులు, క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ పోయాడని తెలియగానే ఇంటిదారి పట్టారు. సొంతగడ్డ మీద బెంగతో 20,000 మందికి పైగా కాలిబంట్లు, 3,000 మంది రౌతులు లేచారని మరో ప్రాచీన చరిత్రకారుడు డయోడోరస్ చెబుతాడు. వాళ్ల మీదకు మాసిడోనియా సైన్యం వెళ్లింది. ప్రాణాలకు భయం లేదని మాటిచ్చింది. తర్వాత వాళ్లు ఆదమరిచి ఉండగా మీదపడి ఈటెలు విసిరి చంపింది. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

తూర్పున ఇలా వెలిసిన నగరాలు గ్రీకులవి మాత్రమే అనుకోవడం కూడా పొరపాటే. ఆఫ్ఘనిస్తాన్‌లోని ఆయ్ ఖానుమ్ అనే పాత గ్రీకు నగరంలో 1964 నుంచి 1978 దాకా ఫ్రెంచి వాళ్లు తవ్వితే గ్రీకు నాటకశాల, వ్యాయామశాల బయటపడ్డాయి. గోడలు మాత్రం ఎక్కువగా పచ్చి ఇటుకలవి, పెద్ద గుడి నమూనా మెసపొటేమియా పద్ధతిది. 1970లో అక్కడే అగాథోక్లీస్ అనే గ్రీకు రాజు వెండి నాణేలు 6 దొరికాయి. ఒకవైపు నాగలి పట్టిన బలరాముడు, పక్కన గ్రీకు అక్షరాలు. రెండోవైపు చక్రం పట్టిన వాసుదేవుడు, పక్కన బ్రాహ్మీ లిపి. తర్వాత ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల రోజుల్లో దొంగలు ఆ ఊరంతా గుంతలు తవ్వి దోచుకుపోయారు.

వ్యాసం రెండో భాగం వచ్చే వారం అన్నారు. ఇంటికి పోవాలనుకుని చనిపోయిన ఆ సైనికుల గురించి అందులో నాలుగు మాటలు రాయండి. ఆ నాణెం బొమ్మ పిల్లల పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, తెనాలి