పొలిటికల్ సైన్స్ వాళ్లకి: ఎంఏ, పీహెచ్‌డీ, లెక్చరర్ పోస్టుల సంగతి

అందరికీ నమస్కారం. విడివిడిగా అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి చెప్పేస్తున్నా.

ఎంఏకి ఉస్మానియా అనుకుంటే సీపీగెట్ ప్రవేశ పరీక్ష, ఏపీలో అయితే పీజీసెట్. హెచ్‌సీయూకి (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) మాత్రం సీయూఈటీ పీజీ రాయాలి. దీని దరఖాస్తులు ముందే వచ్చేస్తాయి, డిగ్రీ ఫైనలియర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ కాస్త కళ్లు తెరిచి ఉండండి.

పీహెచ్‌డీ విషయంలో చాలామందికి పాత లెక్కే బుర్రలో ఉంది. 2024 జూన్ నుంచి నెట్ (లెక్చరర్ అర్హతకి జాతీయ స్థాయి పరీక్ష) మార్కులే పీహెచ్‌డీ ప్రవేశానికీ పనికొస్తున్నాయి. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పై మార్కులకి ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) రాకపోయినా స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. నెట్ ఫలితంలో ‘పీహెచ్‌డీకి మాత్రమే’ అర్హత వస్తే ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది, దాచుకుని కూర్చోకండి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదట్లో నెలకి 37,000.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఎంఏలో 55 శాతం (రిజర్వుడు వర్గాలకి 50), దాంతోపాటు నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష). 2023 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కానీ షార్ట్‌లిస్టులో దానికి మార్కులుంటాయి, కాబట్టి నా మాట వింటే మానేయొద్దు. సెట్ ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. సెంట్రల్ యూనివర్సిటీల ఖాళీలు సీయూ చయన్ పోర్టల్లో చూడండి. ఫార్వర్డ్ మెసేజీలు నమ్మి ఎవరికీ డబ్బు కట్టొద్దు.

కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. డౌట్లుంటే ఇక్కడే అడగండి, రాత్రి పదింటి తర్వాత ఫోన్లు వద్దు బాబూ.