పగతోనే వైకింగుల కథ ముగియలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఒకప్పటి ఉత్తర ఐరోపా సముద్రయోధులైన వైకింగుల మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. 793లో ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠంపై జరిగిన దాడితో మొదలైన ఆ వ్యాసం, ప్రతీకారమే ఆ జాతి ధర్మమన్నట్లుగా ముగిసింది. దాడులు నిజమే, పగలూ నిజమే. కానీ ఆ సమాజంలోనే కత్తి దించినవారు ఉన్నారనీ, వారి కథలను ఆ జనమే శ్రద్ధగా రాసిపెట్టుకున్నారనీ చెప్పకపోతే విషయం సగమే చెప్పినట్లవుతుంది.

వారు స్థిరపడిన ఐస్‌లాండ్‌లో 930 ప్రాంతంలో ఆల్తింగ్ అనే మహాసభ ఏర్పడింది. అక్కడ చట్టం ఉంది, తీర్పులు ఉన్నాయి. రాజు మాత్రం లేడు, తీర్పును అమలు చేసే యంత్రాంగమూ లేదు. వ్యాజ్యం గెలిచినవాడే దాన్ని అమలు చేసుకోవాలి. అందువల్ల అక్కడి పగను జాతి స్వభావంగా కాక, ఆ లోటును పూడ్చిన పద్ధతిగా చూడడం సబబు. హతుడి బంధువులకు వెండి రూపంలో పరిహారం చెల్లిస్తే రాజీ కుదిరేది. కుదరకపోతే వారు ఆయుధం పట్టవలసిందే, పట్టనివాడికి పిరికివాడన్న నింద తప్పేది కాదు.

13వ శతాబ్దంలో రాసిన న్యాల్ సాగా అనే ఐస్‌లాండ్ గద్యకథలో కారి అనే యోధుడి కథ ఉంది. హోస్కుల్డ్ అనే నిరపరాధిని చంపినవారిలో అతడూ ఒకడు. హతుడి భార్య హిల్డిగున్, నెత్తురు గడ్డకట్టిన భర్త అంగీని తన పినతండ్రి ఫ్లోసీ మీద కప్పి అతణ్ణి రెచ్చగొట్టింది. ఫ్లోసీ మనుషులు ఆ హంతకులు ఉన్న కారి మామ న్యాల్ ఇంటికి నిప్పుపెట్టారు. ఆ మంటల్లో కారి చిన్న కొడుకు కూడా చనిపోయాడు. జుట్టు, బట్టలు అంటుకున్నా పొగచాటున తప్పించుకున్న కారి, ఐస్‌లాండ్ నుంచి స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులు, వేల్స్ దాకా ఆ మనుషులను వెంటాడి ఒక్కొక్కరినే నరికాడు. ఆ తరువాత ఫ్లోసీ, కారి వేర్వేరుగా రోమ్ యాత్ర చేసి పాపవిముక్తి పొందారు. తిరుగు ప్రయాణంలో ఓడ బద్దలై ఐస్‌లాండ్ తీరం చేరిన కారి, ఫ్లోసీ ఔదార్యాన్ని పరీక్షిద్దామంటూ మంచు తుపానులో నేరుగా అతడి ఇంటికే నడిచాడు. ఫ్లోసీ లేచి ఎదురొచ్చి ముద్దుపెట్టుకుని, తన పక్కన ఉన్నతాసనంలో కూర్చోబెట్టుకున్నాడు. అప్పటికే భార్యను పోగొట్టుకున్న కారికి హిల్డిగున్‌నే ఇచ్చి పెళ్లి చేశాడు. కారి మనసు సరిగ్గా ఎప్పుడు మారిందో సాగా వివరించదు. చంపవలసినవారిలో చాలామందిని చంపాకే మారాడన్నది మాత్రం దాచదు.

నా దృష్టిలో అతడికన్నా గొప్పవాడు అదే సాగాలోని హాల్. ఆ ఇంటి దహనం మీద ఆల్తింగ్‌లో వేసిన వ్యాజ్యం వీగిపోయి కొట్లాట జరిగినప్పుడు అతడి కొడుకు హతుడయ్యాడు. శాంతి కోసం తన కొడుక్కి పరిహారం అడగనని అతడు నిండు సభలో ప్రకటించాడు. పగ తీర్చుకునే హక్కూ, బలగమూ ఉన్నవాడు అన్న మాట అది. చలించిన జనం తామే వెండి పోగుచేసి ఒక మనిషికి ఇచ్చే పరిహారానికి నాలుగింతలు అతడికిచ్చారు.

సంఘటనలు జరిగిన రెండున్నర శతాబ్దాల తరువాత రాసిన సాగా కనుక ఇందులో కల్పన ఉంటుందన్న ఆక్షేపణ న్యాయమే. అయితే దాన్ని రాసినవారు సొంత నాయకుల అంతఃకలహాలను కళ్లారా చూసిన తరం. ఆ కలహాలతో అలసి 1262లో ఐస్‌లాండ్ నార్వే రాజుకు లోబడింది. అలాంటివారు రాజీకి అంత చోటిచ్చారంటే అది కాలక్షేపానికి కాదు.

ఆర్క్‌నీకి చెందిన మాగ్నస్ ఉదంతం కూడా ప్రస్తావించదగ్గది. 1098లో వేల్స్ దగ్గరి మెనాయ్ జలసంధి యుద్ధంలో, ఇక్కడ ఎవరితోనూ తనకు వైరం లేదంటూ ఆయుధం పట్టక, ఓడ మీదే నిలబడి కీర్తనలు పాడాడని ప్రతీతి. తరువాతి కాలంలో దాయాది ఆజ్ఞతో హతుడైన అతడి పేరిట 1137లో ఆర్క్‌నీలోని కిర్క్‌వాల్‌లో మొదలైన కథీడ్రల్ ఇప్పటికీ ఉంది.

వైకింగుల సీరియళ్లు, జపాన్ యానిమేషన్లు మన ఇళ్లలో పిల్లలు చూస్తున్న రోజులివి. కారి గురించి, ముఖ్యంగా హాల్ గురించి మీ అనుబంధంలో మరో వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, గుంటూరు