బావో ఆట గురించి అమ్మలుకి

అమ్మలూ,

బావో ఎలా ఆడతారని అడిగావు కదా. ఫోన్‌లో చెబితే తికమక పడతావని రాస్తున్నాను.

ఆఫ్రికాలోని టాంజానియా దేశపు జాంజిబార్ దీవిలో, స్టోన్ టౌన్ అనే పాత పట్నంలో ఇళ్ల ముందు అరుగులుంటాయి. సాయంత్రమైతే పెద్దవాళ్లు అక్కడ చేరి కాఫీ తాగుతూ బావో ఆడతారు. చెక్క పలక మీద నాలుగు వరసలు, వరసకు 8 గుంటలు, మొత్తం 64 గింజలు. ఆ గింజలేంటో తెలుసా? మన గచ్చకాయలే! రాతికి రుద్ది చెయ్యి మీద పెడితే చుర్రుమంటాయే, అవే.

నీ వైపు రెండు వరసలు నీవి. గింజలు ఒక్కొక్కటి వేస్తూ వాటిలోనే తిరుగుతావు. ఆఖరి గింజ నీ ముందు వరసలో, గింజలున్న గుంటలో పడి, ఎదురు గుంటలోనూ గింజలుంటే అవి నీవి. ఎదురు గుంట ఖాళీగా ఉన్నా, నీ గింజ వెనక వరసలో పడ్డా, ఆఖరి గింజ పడ్డ నీ గుంటలోవి తీసి వేస్తూ పోవాలి. ఖాళీ గుంటలో పడితే నీ వంతు అయిపోయింది.

నాకు బాగా నచ్చింది ఇక చెబుతాను. వామనగుంటల్లో నానమ్మ ఖాళీ గుంట తుడిచి, పక్క గుంటలోవి ఒళ్లో వేసుకునేది కదా. బావోలో గెలిచిన గింజ పలక దాటి రాదు. నీ వైపు చివరి గుంట నుంచి మొదలుపెట్టి మళ్లీ నీ గుంటల్లోనే వేయాలి. ముందు వరసలో పడ్డవి మరుసటి ఎత్తులో ఎదుటివాళ్లకే పోవచ్చు. వెనక వరసలోవి మాత్రం ఎవరూ తీసుకోలేరు. అలాగని అన్నీ వెనక్కి చేర్చుకుంటే, ముందు వరస ఖాళీ అయిన క్షణాన ఓడిపోతావు. వెనక ఎన్ని గింజలున్నా లెక్కలోకి రావు! కదపడానికి ఎత్తు లేకపోయినా ఓటమే.

పెద్దల ఆటలో ఒక్కొక్కరు 22 గింజలు చేతిలో పెట్టుకుని, ఎత్తుకొకటి దించుతారు. ముందు వరసలో 6 గింజలతో ఒక చదరపు గుంట ఉంటుంది, దాన్ని న్యుంబా అంటారు. దాన్ని ఒకసారి కదిపితే తర్వాత అదీ మామూలు గుంటే. అందుకే తొందరపడి ముట్టుకోరు.

నువ్వు పిల్లల ఆటతో మొదలుపెట్టు. చార్ట్ మీద 32 గుండ్రాలు గీసి, ఒక్కోదాంట్లో 2 చింతపిక్కలు పెట్టు. ఒంటి గింజతో ఎత్తు మొదలుపెట్టకూడదు. తమ్ముడితో ఆడేటప్పుడు జాలిపడి వదిలేస్తావేమో, కుదరదు. తీసుకునే వీలుంటే తీసుకోవాల్సిందే.

నాన్న